పాతకాలపు బేస్‌బాల్ జీతాల పేచీలు: చదివి అర్థం చేసుకోవడం ఎలా

పాత అమెరికన్ బేస్‌బాల్ గురించి చదివేవాళ్లకు ఎక్కడో ఒకచోట హోల్డవుట్ కథ తగలక మానదు. ఫలానా ఆటగాడు జీతం చాలదని కాంట్రాక్టు మీద సంతకం పెట్టకుండా ఇంట్లో కూర్చున్నాడు, పేపర్లు ఆడిపోసుకున్నాయి, కొన్ని వారాలు గడిచాక ఆయనే దిగొచ్చి ఓనర్ మొదట చెప్పిన అంకెకో, దానికి కాస్త అటూ ఇటూగానో సంతకం పెట్టేశాడు. ఇవాళ్టి కోట్ల డాలర్ల కాంట్రాక్టులు చూసిన కళ్లకు ఇది అంతుపట్టదు. అంత పెద్ద స్టార్ కదా, ఇంకో టీమ్‌కి పోవచ్చు కదా అనిపిస్తుంది. పోలేడు. ఆ ఒక్క సంగతి మర్చిపోయి చదివితే ఆటగాళ్లు గొంతెమ్మ కోరికలు కోరేవాళ్లలా, ఓనర్లు ఓపికున్న పెద్దమనుషుల్లా కనిపిస్తారు. అప్పటి పేపర్లు చాలావరకు అలాగే రాశాయి కూడా. నాకు ఆ ఆటగాళ్లంటే అభిమానం, అందుకే ఈ కథల్ని తేలిగ్గా వదిలేయలేను. 1975కి ముందు జరిగిన ఏ జీతం గొడవనైనా చేతిలోకి తీసుకుని అందులో అసలు ఏం జరిగిందో తేల్చుకోవాలంటే ఏం చేయాలో, నేను చూసే వరసలోనే చెప్తాను.

అంకె తర్వాత, ముందు ఏడాది చూడండి

అన్నిటికంటే ముందు రిజర్వ్ క్లాజ్ అనే నిబంధన అర్థం కావాలి. 1879లో అప్పటి పెద్ద లీగ్ అయిన నేషనల్ లీగ్ ఓనర్లు తమలో తాము ఒక ఒప్పందం చేసుకున్నారు: ఒక్కో టీమ్ ఐదుగురు ఆటగాళ్లను "రిజర్వ్" చేసుకోవచ్చు, వాళ్ల జోలికి మిగతా టీమ్‌లు పోకూడదు. కొన్నేళ్లలోనే ఆ ఐదుగురు కాస్తా టీమ్ మొత్తమైంది. తర్వాత అది ప్రతి ఆటగాడి కాంట్రాక్టులోకీ ఎక్కింది. కాంట్రాక్టు ఏడాదికే, కానీ ఆ ఏడాది అయిపోగానే దాన్ని ఇంకో ఏడాదికి పొడిగించే హక్కు క్లబ్‌ది. ఆ పొడిగించిన కాంట్రాక్టులో కూడా మళ్లీ అదే హక్కు ఉంటుందని ఓనర్ల వాదన. అంటే ఆటగాడు జీవితాంతం ఆ క్లబ్‌కే, లేదా ఆ క్లబ్ ఎవరికి అమ్మితే వాళ్లకే. జీతం నచ్చకపోతే ఆయనకు మిగిలేవి రెండే దారులు: సంతకం పెట్టకుండా కూర్చోవడం, లేదా ఆట మానేయడం.

కాబట్టి కథలో సంవత్సరం కనపడగానే వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న: ఆ ఏడాది పోటీగా ఇంకో లీగ్ ఉందా? ఉన్న సంవత్సరాలు కొన్నే, గుర్తుపెట్టుకోవడం కష్టం కాదు. 1890లో ప్లేయర్స్ లీగ్, ఇది జాన్ మాంట్‌గోమరీ వార్డ్ అనే ఆటగాడు, ఆయన లాయర్ కూడా, తోటి ఆటగాళ్లను కూడగట్టి పెట్టించింది, ఒక్క సీజనే నడిచింది. 1901లో అమెరికన్ లీగ్ తానూ మేజర్ లీగ్‌ని, అంటే పై స్థాయి లీగ్‌నని ప్రకటించుకుంది, అప్పటికి నేషనల్ లీగ్‌లో జీతానికి 2,400 డాలర్ల పరిమితి ఉండేది, నాప్ లజోయ్ లాంటి స్టార్లు ఆ పరిమితిని వదిలించుకుని కొత్త లీగ్‌లోకి దూకేశారు. 1914, 1915లో ఫెడరల్ లీగ్. 1946లో మెక్సికన్ లీగ్, హోర్హె పాస్క్వెల్ అనే ఆయన డబ్బు సంచులతో వచ్చి అమెరికన్ ఆటగాళ్లను పిలిచాడు. ఈ సంవత్సరాల్లో జీతాలు లేచాయి, పోటీ ఆగిపోగానే మళ్లీ కిందికొచ్చాయి.

టై కాబ్‌ని చూడండి. 1913లో డెట్రాయిట్ ఓనర్ ఫ్రాంక్ నావిన్‌తో గట్టిగా పేచీ పెట్టుకున్నాడు, సంతకం పెట్టలేదు, వ్యవహారం వాషింగ్టన్‌లో రాజకీయ నాయకుల నోళ్ల దాకా వెళ్లింది. ఇంతా చేస్తే తేలింది 12,000 డాలర్ల చుట్టుపక్కల. 1915కి వచ్చేసరికి ఆయన జీతం 20,000. ఆ మధ్యలో కాబ్ ఆట ఏమన్నా రెట్టింపు మెరుగుపడిందా అంటే లేదు, ముందూ గొప్పగానే ఆడేవాడు. మారిందల్లా ఫెడరల్ లీగ్ పక్కన కాచుకుని ఉండటం. అందుకే నేను అంకె కంటే ముందు ఏడాది చూడమనేది.

ఇంకో సంవత్సరం కూడా గుర్తుంచుకోండి: 1922. ఫెడరల్ లీగ్‌లో నష్టపోయిన బాల్టిమోర్ క్లబ్ వేసిన కేసులో సుప్రీంకోర్టు, జస్టిస్ హోమ్స్ రాసిన తీర్పుతో, బేస్‌బాల్ రాష్ట్రాల మధ్య వాణిజ్యం కిందికి రాదని, కాబట్టి గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే యాంటీట్రస్ట్ చట్టం దానికి వర్తించదని తేల్చేసింది. 1953లో టూల్సన్ కేసులో అదే నిలబెట్టారు. కాబట్టి 1922 తర్వాతి కథల్లో "కోర్టుకెళ్లొచ్చు కదా" అని ఎవరైనా అడిగితే జవాబు మీ చేతిలో ఉంది.

నెల చూడండి

క్లబ్‌లు కాంట్రాక్టును జనవరి, ఫిబ్రవరిలో పోస్టులో పంపేవి. చర్చ ఉండేది కాదు, కవర్‌లో కాగితం వచ్చేది, అందులో అంకె ఉండేది. నచ్చనివాళ్లు సంతకం లేకుండా తిప్పి పంపేవారు, కొందరు పక్కన ఓ ఉత్తరం జత చేసేవారు. ఏజెంటు లేడు, లాయరు లేడు, పక్కవాడి జీతం ఎంతో తెలియదు. ఎదురుగా ఉన్న జనరల్ మేనేజర్‌కి, అంటే క్లబ్ తరఫున జీతాలు తేల్చే మనిషికి, మాత్రం టీమ్‌లో ప్రతివాడి జీతమూ తెలుసు, ఏటా పాతికమందితో బేరమాడిన అనుభవం ఉంది. ఇరవై రెండేళ్ల కుర్రాడు, హైస్కూలు దాటి చదవనివాడు, ఆ గదిలోకి ఒంటరిగా వెళ్లి కూర్చోవడం ఎలా ఉంటుందో ఒక్క నిమిషం ఆలోచించండి, ఆ తర్వాతే ముందుకు చదవండి.

ఫిబ్రవరిలో బెట్టు చేస్తే ఎవరికీ నొప్పి లేదు, అది మామూలు తంతు. మార్చిలో స్ప్రింగ్ ట్రైనింగ్, అంటే సీజన్‌కి ముందు సాధన శిబిరం, మొదలయ్యాక సంతకం పెట్టనివాడిని క్యాంపులోకి రానివ్వరు, ఆయన ఫిట్‌నెస్ పోతూ ఉంటుంది, పేపర్లలో రోజూ పేరొస్తూ ఉంటుంది. ఏప్రిల్‌లో సీజన్ మొదలైతే జీతం రోజు లెక్కన పోతుంది. జీతం వచ్చేది సీజన్ నడిచే నెలల్లోనే కాబట్టి అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా చాలామంది వేరే పనులు చేసుకుని బతికేవారు, అంటే ఈ బేరం జరిగేది సరిగ్గా ఆటగాడి చేతిలో డబ్బు అడుగంటిన రోజుల్లో. స్ప్రింగ్ ట్రైనింగ్‌లో చేతి ఖర్చులకు వారానికి 25 డాలర్లు ఇవ్వడం కూడా 1940ల చివర్లో కానీ మొదలవలేదు. దాన్ని ఆటగాళ్లు మర్ఫీ డబ్బులు అనేవారు, 1946లో యూనియన్ పెట్టబోయిన రాబర్ట్ మర్ఫీ పేరు మీద. ఆ యూనియన్ నిలబడలేదు. పిట్స్‌బర్గ్ ఆటగాళ్లు సమ్మె మీద ఓటేస్తే 20 మంది అవునన్నారు, 16 మంది కాదన్నారు, మూడింట రెండొంతులు కావాలి కాబట్టి వీగిపోయింది. కానీ ఆ భయంతోనే ఓనర్లు కనీస జీతం 5,000 డాలర్లు, పింఛను, ఈ వారపు డబ్బులు ఒప్పుకున్నారు.

అందుకే హోల్డవుట్ ఏ తేదీన ముగిసిందో తప్పక రాసుకోండి. ఫిబ్రవరి 20న ముగిస్తే అది బేరం. ఏప్రిల్ 20న ముగిస్తే ఎవరో ఒకరు కాళ్లబేరానికి వచ్చారని అర్థం, ఎక్కువసార్లు ఆటగాడే.

ఒక అంకె కాదు, నాలుగు

పేపరు హెడ్డింగ్‌లో ఒక అంకె ఉంటుంది. మీకు నాలుగు కావాలి: పోయినేడు వచ్చిన జీతం, ఈ ఏడు ఆటగాడు అడిగింది, క్లబ్ ఇస్తానన్నది, చివరికి సంతకం పెట్టింది. నాలుగూ పక్కపక్కన రాస్తే కథ సగం అక్కడే తేలిపోతుంది. ఇందులో రెండోదీ మూడోదీ చాలాసార్లు విలేకరుల ఊహ, లేదా క్లబ్ కావాలని బయటపెట్టిన అంకె. ఆటగాడు అడిగింది పెంచి చెప్తే జనం ఆయన మీదే విరుచుకుపడతారని క్లబ్‌కి తెలుసు.

చివరి అంకెను విడదీసి చూడటం కూడా అలవాటు చేసుకోండి. వైడా బ్లూ కథ దీనికి సరిగ్గా సరిపోతుంది. ఆయన పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు. 1971లో ఓక్లాండ్ తరఫున ఆయన ఖాతాలో 24 గెలుపులు, 8 ఓటములు, 301 స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చేయడాలు), ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు, లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే ఎంవీపీ రెండూ ఆయనకే. అప్పటికి వయసు 22, జీతం 15,000 డాలర్లు కూడా లేదు. మరుసటి ఏడాది ఆయన తరఫు లాయరు 90,000కి పైన అడిగితే ఓనర్ చార్లీ ఫిన్లీ 50,000 దగ్గర భీష్మించుకు కూర్చున్నాడు. సీజన్ మొదలయ్యాక, మే నెలలో, బేస్‌బాల్ కమిషనర్ కూడా కల్పించుకున్నాక తేలింది 63,000. అయితే అది 50,000 జీతం, 5,000 పోయినేటి ఆటకు బోనస్, 8,000 చదువు ఖర్చులకు. ఎందుకలా ముక్కలు చేశారంటే, ఫిన్లీ ఇస్తానన్న 50,000 అనే అంకె కదలలేదని చెప్పుకోవడానికి. డబ్బు ఇచ్చాడు, మాట మాత్రం ఇవ్వలేదు. పైగా మరుసటి ఏడు బేరం ఆ 50,000 నుంచే మొదలవుతుంది. ఆ గొడవ తర్వాత బ్లూ ఆ సీజన్‌లో 6 గెలిచి 10 ఓడాడు.

పాత డాలర్లను ఇప్పటి డాలర్లలోకి మార్చి "ఓహో, బాగానే ఇచ్చారే" అనుకోవడం చాలామంది చేసే పని, నాకది అంతగా నచ్చదు. ధరల లెక్క వేస్తే వేయండి, ముఖ్యంగా 1930 తర్వాతి మాంద్యంలో ధరలు బాగా పడిపోయాయి కాబట్టి అక్కడ ఆ లెక్క అవసరం. న్యూయార్క్ యాంకీస్ స్టార్ బేబ్ రూత్ జీతం 1930లో 80,000, 1932లో 75,000, 1933లో 52,000, 1934లో 35,000. ఈ మెట్లు దిగడంలో కొంత ఆయన వయసు, కొంత మాంద్యం. కానీ ధరల కంటే మంచి కొలత ఇంకొకటి ఉంది: ఆ ఆటగాడిని చూడటానికి ఎంతమంది టికెట్ కొన్నారు. స్టేడియం హాజరు లెక్కలు దాదాపు ప్రతి సీజన్‌కీ దొరుకుతాయి.

మేనేజ్‌మెంట్ మాటల్ని జల్లెడ పట్టండి

ఇక్కడ కొంచెం ఆగుదాం, అసలు బేరం నడిచేది ఈ మాటల్లోనే. యుగాలు మారినా మేనేజ్‌మెంట్ వాదనలు అవే అవే తిరిగొస్తాయి. ఒకసారి గుర్తుపట్టడం వస్తే ఏ కథలోనైనా పట్టేసుకోవచ్చు.

మొదటిది, "టీమ్ ఓడింది కదా". రాల్ఫ్ కైనర్ 1952లో పిట్స్‌బర్గ్ తరఫున 37 హోమ్ రన్లు (బంతి మైదానం దాటే షాట్లు) కొట్టాడు, వరుసగా ఏడో ఏడాది లీగ్‌లో హోమ్ రన్ల మొదటి స్థానం ఆయనది, కొన్నిసార్లు ఇంకొకరితో పంచుకున్నా సరే. ఆ టీమ్ మాత్రం 42 గెలిచి 112 ఓడి అట్టడుగున నిలిచింది. జీతం సంగతి మాట్లాడబోతే జనరల్ మేనేజర్ బ్రాంచ్ రికీ కోత పెడతానన్నాడట. నువ్వున్నా ఆఖరి స్థానమే వచ్చింది, నువ్వు లేకపోయినా అదే వస్తుంది, అన్నాడని కైనర్ జీవితమంతా చెప్పుకుంటూ వచ్చాడు. వినడానికి చమత్కారంగా ఉంటుంది, అందుకే అందరూ దీన్ని నవ్వుతూ చెప్తారు. నాకు నవ్వు రాదు. ఆ చెత్త టీమ్ ఆటకు జనం వచ్చేదే కైనర్ బ్యాటింగ్ చూడటానికి. ఆ టీమ్‌ని కట్టింది రికీ, ఓడినందుకు కోత కైనర్‌కి. 1953 జూన్‌లో కైనర్‌ని చికాగో కబ్స్‌కి పంపేశారు.

రెండోది దీనికి తిరగేసింది, "టీమ్ గెలిచింది కదా, వరల్డ్ సిరీస్ డబ్బు వస్తుందిగా". 1950ల్లో యాంకీస్ ఇంచుమించు ఏటా వరల్డ్ సిరీస్‌కి, అంటే రెండు లీగ్‌ల విజేతలు తలపడే ఫైనల్‌కి, వెళ్లేవారు, 1953లో గెలిచినప్పుడు పూర్తి వాటా ఒక్కొక్కరికి 8,000 డాలర్లు దాటింది. జనరల్ మేనేజర్ జార్జ్ వైస్ ఆ డబ్బును జీతంలో భాగంలాగే లెక్క కట్టేవాడని పేరు. ఆ డబ్బు ఆటగాళ్లు మైదానంలో గెలుచుకున్నది, క్లబ్ జేబులోంచి వచ్చింది కాదు. ఓడిన టీమ్‌లో ఓడావని కోత, గెలిచిన టీమ్‌లో గెలిచావని కోత. ఈ రెండు వాదనల్నీ పక్కపక్కన పెడితే ఏది జరిగినా జీతం ఆగేలా అల్లినవని తెలిసిపోతుంది.

మూడోది, పక్కవాడితో పోలిక. మన కథల్లో దీని మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి, ఎందుకంటే ఇది ఆటగాడు సరిచూసుకోలేని అంకె. లాస్ ఏంజెలస్ డాడ్జర్స్ జనరల్ మేనేజర్ బజీ బవాసీ తన పద్ధతుల్ని 1967లో ఒక పత్రికలో తనే బయటపెట్టాడు. ఒక ఆటగాడు బేరానికి వచ్చే ముందు బల్ల మీద వేరే ఆటగాడి దొంగ కాంట్రాక్టు, తక్కువ అంకెతో, కనపడేలా పెట్టి, ఏదో పని ఉన్నట్టు గదిలోంచి బయటికెళ్లేవాడు. కుర్రాడు తొంగి చూస్తాడు, నాకంటే బాగా ఆడినవాడికే ఇంతైతే నేనెంత అనుకుంటాడు, నోరు మెదపకుండా సంతకం పెడతాడు. కాగితం మీద అంకె అబద్ధం, కానీ దాన్ని చూశానని ఆటగాడు ఒప్పుకోలేడు కాబట్టి ఆ అబద్ధం బయటపడదు. బవాసీ దీన్ని గొప్ప తెలివిగా రాసుకున్నాడు.

నాలుగోది దేశం, జనం, కష్టకాలం. 1941లో యాంకీస్ స్టార్ జో డిమాజియో వరుసగా 56 ఆటల్లో హిట్ కొట్టాడు, ఆ రికార్డు ఇప్పటికీ ఎవరూ దాటలేదు. 1942కి ఆయనకు మొదట వెళ్లిన ప్రతిపాదన జీతం కోత, యుద్ధం వచ్చిందని. సైన్యంలో కుర్రాళ్లు నెలకు 21 డాలర్లకు పోరాడుతుంటే నువ్వు ఎక్కువ అడుగుతావా అనే మాట ఆ చలికాలం గట్టిగా వినిపించింది. చివరికి 43,750 దగ్గర, అంటే పెరుగుదలతోనే, తేలింది, కానీ పేరుకి మచ్చ పడింది ఆటగాడికే. యుద్ధం పేరు చెప్పి టికెట్ల మీద వచ్చే డబ్బును ఎవరూ సైనికుల జీతంతో పోల్చలేదన్నది గమనించండి.

ఆటగాడికి బయట ఏముంది?

ఎంతకాలం బెట్టు చేయగలడన్నది ఆయన ప్రతిభ మీద కంటే ఆయనకు ఇంకో తిండిదారి ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. ఎడ్ రౌష్ 1930లో న్యూయార్క్ జెయింట్స్ జీతం తగ్గిస్తానంటే ఏకంగా సీజన్ మొత్తం ఆడలేదు, అలా కూర్చోగలిగే స్తోమత ఆయనకుంది. "హోమ్ రన్" బేకర్ 1915 మొత్తం ఫిలడెల్ఫియా మేనేజర్ కోనీ మాక్‌తో పేచీ వల్ల బయటే ఉండి, స్థానిక టీమ్‌లలో ఆడుకున్నాడు, తర్వాత ఆయన్ని యాంకీస్‌కి అమ్మారు. వైడా బ్లూ అయితే బేస్‌బాల్ మానేసి ఒక బాత్రూమ్ ఫిట్టింగ్స్ కంపెనీలో చేరుతున్నానని ప్రెస్ మీట్ పెట్టి ప్రకటించాడు. ఆయన నిజంగా కొళాయిలు అమ్ముతాడని ఎవరూ నమ్మలేదు, ఫిన్లీ అసలే నమ్మలేదు. బయట దారి ఉన్నట్టు చెప్పడం వేరు, ఎదుటివాడు నమ్మేలా ఉండటం వేరు.

పేరున్నవాళ్ల కథలే మనకు మిగిలాయని కూడా గుర్తుంచుకోండి. రిజర్వ్ బెంచీ మీద కూర్చునే ఆటగాడు హోల్డవుట్ చేస్తే అది వార్త కాదు, ఆయన్ని కింది స్థాయి మైనర్ లీగ్‌కి పంపేసేవారు, అంతే.

రెండు కథలు పక్కపక్కన పెట్టి చూడండి

ఈ పద్ధతిని నేర్చుకోవడానికి 1938, 1966 రెండూ తీసుకోవడం మంచిది. రెండింటిలోనూ స్టార్లే, రెండింటిలోనూ ఛాంపియన్ టీమ్‌లే.

1937లో డిమాజియో బ్యాటింగ్ సగటు .346, 46 హోమ్ రన్లు, 167 ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్ వల్ల టీమ్‌కి వచ్చిన పరుగులు). వయసు 22, జీతం 15,000. మరుసటి ఏడుకి 40,000 అడిగాడు. యాంకీస్ ఓనర్ జేకబ్ రూపర్ట్, జనరల్ మేనేజర్ ఎడ్ బారో 25,000 అన్నారు, అదే ఆఖరన్నారు. టీమ్‌లో అన్నేళ్లుగా ఆడుతున్న లూ గెరిగ్‌కే 40,000 ఇవ్వడం లేదని బారో అన్నాడని, అయితే గెరిగ్‌కి చాలా తక్కువ ఇస్తున్నారన్నమాట అని డిమాజియో జవాబిచ్చాడని చెప్తారు. ఆ మాటలు అచ్చంగా అలాగే అన్నారో లేదో కానీ, 1938లో గెరిగ్ జీతం 39,000 అన్నది నిజం, అంటే పోలిక వాదన ఎలా పని చేస్తుందో ఇక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది: ఒకడికి తక్కువిచ్చి, దాన్ని చూపించి రెండోవాడికి తక్కువివ్వడం. డిమాజియో శాన్ ఫ్రాన్సిస్కోలో ఉండిపోయాడు, అక్కడ ఆయన కుటుంబానికి రెస్టారెంట్ ఉంది. సీజన్ మొదలైపోయింది. పోటీ లీగ్ లేదు, తోడు ఎవరూ లేరు, మాంద్యం ఇంకా తీరలేదు, జనానికి 25,000 అంటేనే కళ్లు తిరిగే డబ్బు. ఏప్రిల్ మూడో వారంలో ఆయనే దిగొచ్చి 25,000కి ఒప్పుకున్నాడు. ఆడటానికి సిద్ధమయ్యేదాకా రోజు జీతం కూడా కోసుకున్నారు. తిరిగొచ్చాక సొంత అభిమానులే వెక్కిరిస్తూ అరిచారు. ఆ ఏడాది ఆయన 140 ఆర్‌బీఐలు చేశాడు, యాంకీస్ వరల్డ్ సిరీస్ గెలిచారు.

ఇప్పుడు 1966. డాడ్జర్స్ పిచ్చర్ శాండీ కోఫాక్స్ అంతకుముందు సీజన్‌లో 26 గెలిచి 8 ఓడాడు, 382 స్ట్రైకవుట్లు. అదే టీమ్‌లో ఇంకో పిచ్చర్ డాన్ డ్రైస్‌డేల్ 23 గెలిచాడు. డాడ్జర్స్ సిరీస్ గెలిచారు, స్టేడియానికి ఆ ఏడాది 25 లక్షల మందికి పైగా వచ్చారు. ఇద్దరూ విడివిడిగా బవాసీని కలిశారు. ఆయన ఒకరి దగ్గర, రెండోవాడు ఇంతే అడుగుతున్నాడు నువ్వేంటి అంతడుగుతావ్ అన్నాడు, రెండోవాడి దగ్గర కూడా అదే పాట. తర్వాత ఇద్దరూ భోజనానికి కూర్చున్నప్పుడు మాటల్లో ఇది బయటపడింది. అలాగైతే ఇద్దరూ కలిసే అడగండి అన్నది డ్రైస్‌డేల్ భార్య జింజర్. ఇద్దరికీ కలిపి మూడేళ్లకు 10 లక్షల డాలర్లు, సమానంగా, మాట్లాడేది తమ లాయరు బిల్ హేస్, ఒకరు లేకుండా ఇంకొకరు సంతకం పెట్టరు. ఈలోగా సినిమాలో వేషాలకు ఒప్పుకున్నారు. 32 రోజులు నడిచింది. మార్చి చివర్లో తేలింది: కోఫాక్స్‌కి 1,25,000, డ్రైస్‌డేల్‌కి 1,10,000 దాకా, ఒక్క ఏడాదికే, అడిగినట్టు మూడేళ్లకు కాదు, సమానంగానూ కాదు.

పైపైన చూస్తే వీళ్లకూ అడిగింది రాలేదు. కానీ ముందటి ఏడు ఇద్దరి జీతాలూ 80,000 దగ్గర ఉండేవి. డిమాజియో 25,000 దగ్గరే ఆగిపోతే వీళ్లు క్లబ్‌ని కదిలించారు. తేడా ఎక్కడొచ్చింది? ఆట వల్ల కాదు, ముగ్గురూ తమ కాలానికి మొనగాళ్లే. పక్కవాడి జీతం తెలిసిపోయింది, అక్కడొచ్చింది. మేనేజ్‌మెంట్ చేతిలో ఉన్న పదునైన ఆయుధం ఆ భోజనాల బల్ల దగ్గర పోయింది. ఓనర్లు దాన్ని ఎంత గట్టిగా గుర్తుపెట్టుకున్నారంటే, పదేళ్ల తర్వాత 1976 ఒప్పందంలో ఆటగాళ్లు ఇలా జట్టు కట్టకూడదని నిబంధన పెట్టమన్నారు. సరే, మీరూ జట్టు కట్టకూడదు అని యూనియన్ దాన్ని రెండు వైపులా రాయించింది. 1980ల్లో ఓనర్లు కూడబలుక్కుని ఫ్రీ ఏజెంట్లను, అంటే కాంట్రాక్టు అయిపోయి ఏ టీమ్‌కైనా పోగల ఆటగాళ్లను, కొనకుండా ఉన్నప్పుడు ఆ వాక్యమే వాళ్ల మెడకు చుట్టుకుంది, 28 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది.

బాగా చెప్పుకునే కథలను అనుమానించండి

1919 వరల్డ్ సిరీస్‌ను అమ్ముకున్న చికాగో వైట్ సాక్స్ గురించి ఒక కథ ఉంది: పిచ్చర్ ఎడ్డీ సికాట్‌కి 30 గెలిస్తే 10,000 బోనస్ ఇస్తానని ఓనర్ కొమిస్కీ చెప్పి, 29 దగ్గర ఆయన్ని కూర్చోబెట్టేశాడని. వినడానికి బాగుంటుంది, ఆటగాళ్ల పక్షాన ఉన్న నాలాంటివాళ్లకు నమ్మాలనీ ఉంటుంది. కానీ అలాంటి బోనస్ ఒప్పందానికి ఆధారం దొరకలేదు. పైగా పాత కాంట్రాక్టు కార్డులు బయటికొచ్చాక ఆ టీమ్ జీతాల మొత్తం లీగ్‌లో పైవరసలోనే ఉందని తేలింది. రూత్ 1930లో హూవర్ అధ్యక్షుడి కంటే ఎక్కువ జీతం ఎందుకని అడిగితే, ఆయన కంటే నాకు ఈ ఏడాది బాగా గడిచిందన్నాడనేది ఇంకో కథ. అంకెలు నిజమే, హూవర్ జీతం 75,000, రూత్‌ది 80,000. మాట మాత్రం తర్వాత అల్లిందైనా కావచ్చు. కథ ఎంత ముచ్చటగా ఉంటే అంత గట్టిగా కాగితం అడగండి, అది మీ అభిమాన ఆటగాడి పక్షాన ఉన్నా సరే.

1966 తర్వాతి కథలకు కళ్లద్దాలు మార్చండి

1966లో ఉక్కు కార్మికుల యూనియన్ నుంచి వచ్చిన మార్విన్ మిల్లర్ ఆటగాళ్ల సంఘాన్ని చేతిలోకి తీసుకున్నాక అన్నీ మారిపోయాయి. 1968లో మొదటి ఉమ్మడి ఒప్పందం, కనీస జీతం 10,000కి పెరిగింది. 1970లో ఫిర్యాదుల్ని కమిషనర్ కాకుండా బయటి ఆర్బిట్రేటర్, అంటే మధ్యవర్తి, తేల్చేలా ఒప్పించారు. దీన్ని చాలామంది దాటేసి చదువుతారు కానీ తర్వాత జరిగినదానికంతా తాళంచెవి ఇదే. కర్ట్ ఫ్లడ్ 1969లో తనను ఫిలడెల్ఫియాకు బదిలీ చేస్తే నేను కొని అమ్మే వస్తువుని కానని కమిషనర్‌కి ఉత్తరం రాసి కోర్టుకెళ్లాడు, 1972లో సుప్రీంకోర్టులో 5–3తో ఓడాడు, ఆయన కెరీర్ అప్పటికే ముగిసిపోయింది. ఏడాదికి 90,000 తెచ్చుకునే మనిషి తనకు ఒరిగేది ఏమీ లేదని తెలిసీ నిలబడ్డాడు, ఆ ఉత్తరం చదివిన ప్రతిసారీ నాకు ఆయన మీద గౌరవం పెరుగుతుంది. కోర్టు ఇవ్వనిదాన్ని ఆర్బిట్రేటర్ ఇచ్చాడు: ఆండీ మెసర్‌స్మిత్ 1975 సీజనంతా సంతకం పెట్టకుండా ఆడాడు, క్లబ్‌కి పొడిగించే హక్కు ఒక్క ఏడాదికే అని పీటర్ సైట్జ్ 1975 డిసెంబర్ 23న తీర్పిచ్చాడు, ఓనర్లు ఆయన్ని వెంటనే ఉద్యోగంలోంచి తీసేశారు. మేజర్ లీగ్ సగటు జీతం 1967లో 19,000 దగ్గర ఉంటే 1976కి 51,000 దాటింది, 1980కి 1,43,000 దాటింది.

1974 నుంచి జరిగిన కథైతే ఇంకో సంగతి చూడాలి. ఆ ఏడాది మొదలైన జీతాల ఆర్బిట్రేషన్‌లో క్లబ్ ఒక అంకె, ఆటగాడు ఒక అంకె ఇస్తారు, ఆర్బిట్రేటర్ రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి, మధ్యే మార్గం కుదరదు. అందుకే ఇక్కడ రెండువైపులా అడిగింది కాస్త అదుపులో ఉంటుంది, 1938 నాటి అంకెల్లా చదవకూడదు.

మొదలుపెట్టేవాళ్లు 1966 ఫిబ్రవరి, మార్చి నెలల లాస్ ఏంజెలస్ పత్రికలు తిరగేయండి. నాలుగు అంకెలూ ఒక కాగితం మీద రాసుకుంటూ రోజువారీగా చదివితే క్లబ్ ఏ రోజు ఏ అంకె బయటికి వదిలిందో కనిపిస్తుంది. ఆ తర్వాత 1951లో ఇమాన్యుయెల్ సెల్లర్ అధ్యక్షతన కాంగ్రెస్ సబ్‌కమిటీ జరిపిన విచారణ రికార్డు చూడండి, క్లబ్‌ల ఖాతాలు, జీతాల మొత్తాలు అందులో ఉన్నాయి. కూపర్స్‌టౌన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్ లైబ్రరీలో ఉన్న కాంట్రాక్టు కార్డుల మీద పరిశోధకులు రాసినవి చాలావరకు ఇంటర్నెట్‌లోనే దొరుకుతాయి. పేపరులో వచ్చిన అంకెకూ కార్డులో ఉన్న అంకెకూ తేడా వస్తే కార్డునే నమ్మండి.